పెట్రోలు పొగ తగ్గాలంటే మన వాగులే దొరికాయా?

2070 నాటికి దేశం నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గో సభలో మన ప్రధాని మాటిచ్చారు. మంచిదే. వాన అదను తప్పితే ముందు దెబ్బ తినేది మెట్ట రైతులమే కాబట్టి బండ్ల పొగ తగ్గాలని మనమూ కోరుతున్నాం. పేచీ అంతా ఎట్లా తగ్గించాలన్న దగ్గరే.

సర్కారుకు దొరికిన దగ్గరి దారి ఇథనాల్. పెట్రోలులో 20 శాతం కలపాలన్న లక్ష్యం మొదట 2030కి పెట్టుకున్నది. 2022లో దాన్ని 2025-26కు జరిపారు. ఆ తొందర ఉమ్మడి పాలమూరులో ఫ్యాక్టరీలై దిగింది. నారాయణపేట జిల్లా చిత్తనూరులో మన్నెవాగు ఖరాబవుతున్నదని 2023లో చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. 2025 జూన్‌లో గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో జనం ఫ్యాక్టరీ పనులకు అడ్డం తిరిగితే, కేసులు పెట్టి రైతులను సంకెళ్లతో కోర్టుకు తెచ్చారు. పొగ తగ్గించే పథకానికి సంకెళ్లెందుకు?

లీటరు ఇథనాల్‌కు రెండు కిలోలకు పైగా బియ్యం కావాలి. ఆ బియ్యం పండాలంటే బోరు మోటారు ఎన్ని గంటలు నడవాలో, ఎన్ని బస్తాల యూరియా పడాలో మనకు తెలియనిదా? నీళ్లు నిలిచిన వరిమడిలో మీథేన్ పుడుతుంది, యూరియా నుంచి నైట్రస్ ఆక్సైడ్ లేస్తుంది. రెండూ భూమిని వేడెక్కించేవే. బండి దగ్గర తగ్గిందన్న దాంట్లో కొంత మన పొలంలో తిరిగి లేస్తున్నది. పైగా మన వడ్లు మోసే లారీ, ట్రాక్టరు నడిచేది డీజిలుతో. పెట్రోలులో కలిపే ఇథనాల్ వాటి పొగను తగ్గించదు. మక్కలకు గిరాకీ వస్తుందనేవాళ్లూ ఉన్నారు, కాదనం. కానీ మక్కల ధర కోసం తాగే నీళ్లు వదులుకుంటామా?

యాభై ఏళ్ల ముందుచూపు అంటే రైలు, బస్సు. జక్లేరు–కృష్ణా లైను 2023 అక్టోబరులో మొదలైంది. దేవరకొండ మీదుగా పోవాల్సిన గద్వాల–మాచర్ల లైను కోసం మాత్రం దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నాం. అదే టన్ను సరుకుకు రైలుకయ్యే ఇంధనం లారీ కంటే చాలా తక్కువ. ఇక బస్సు సంగతి. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు టికెట్టు లేదు, బస్సులోనేమో కాలు పెట్టే జాగ లేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వచ్చే ఊళ్లో పిల్లలు అప్పు చేసైనా మోటారు సైకిలు కొంటున్నారు. కరెంటు బస్సులు పెద్ద పట్టణాల దగ్గరే ఆగకుండా అచ్చంపేట, దేవరకొండ డిపోలకూ రావాలి.

గ్రామసభ ఒప్పుకోని చోట ఇథనాల్ ఫ్యాక్టరీకి అనుమతి ఇవ్వొద్దని, గద్వాల–మాచర్ల లైనుకు నిధులు కేటాయించాలని, పల్లె బస్సులు పెంచాలని మండల కమిటీలు ఈ నెలలోనే తీర్మానాలు చేసి కలెక్టర్లకు అందజేయాలి.