బోరు మనది, నీరు అందరిది

జనగామ జిల్లా స్టేషన్ ఘన్‌పూర్ రిజర్వాయరుకు గోదావరి నీరు వస్తోంది. ఏటూరునాగారం సమీపాన గంగారం వద్ద దేవాదుల పథకం పంపులు నదీజలాన్ని తోడి, వందల మీటర్ల ఎత్తుకు చేరవేస్తున్నాయి. ఇది సంతోషించవలసిన విషయమే. కాని నది నీరు వచ్చింది కనుక భూగర్భజలాల బెంగ తీరిందనుకోవడం సరికాదని మేము భావిస్తున్నాము. కాలువ అందని చేలకు నేటికీ బోరే దిక్కు.

మన ప్రాంతంలో నేల కింద ఉన్నది చాలావరకు గట్టి రాయి. పైన మెత్తబడిన పొరలోను, కింద రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. ఆ పగుళ్లకు పొలం గట్లు తెలియవు. మన మోటారు ఆగకుండా నడిస్తే పొరుగు రైతు బావిలో మట్టం దిగవచ్చు. అతడు అప్పుచేసి మరింత లోతుకు బోరు వేస్తాడు. తర్వాత ఎండే వంతు మనది. ఈ పందెంలో గెలిచేవాడు లేడు. ఎంత లోతుకు వెళ్లినా పగులు తగలకపోతే దొరికేది రాతిపొడి మాత్రమే.

ప్రభుత్వాలు కొంత చేశాయి. 2002 నాటి వాల్టా చట్టం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బావులపై ఆంక్ష పెట్టింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీయించింది. చెరువు నిండితే దాని కింది బావులు ఊరతాయన్నది కాకతీయుల కాలం నుంచి ఈ నేల ఎరిగిన సంగతి. అయితే వ్యవసాయానికి కరెంటు ఉచితం కావడంతో తోడే చేతికి అడ్డు లేకుండా పోయింది. ఊరిన నీరు ఊరినంత వేగంగా తరిగిపోతోంది.

ఇక్కడ మన ధర్మం ఏమంటోంది? నీరు, పచ్చిక, నిప్పు ప్రజలందరి ఉమ్మడి హక్కు అని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆయన వుజూకు వాడిన నీరు ఒక ముద్ద్, అంటే సుమారు ముప్పావు లీటరు నుంచి లీటరు వరకు. మరి కొళాయి తిప్పి వదిలేసి మనం ఎన్ని లీటర్లు పారబోస్తున్నాం?

కనుక యాసంగిలో బోరు కింద వరికి బదులు ఆరుతడి పంటలు వేద్దాం. కొత్త బోరుకు ముందు పొరుగువారితో మాట్లాడుకుందాం. మస్జిదులో వుజూ నీటిని మురికికాలువకు వదలక ఇంకుడు గుంతకో, చెట్లకో మళ్లిద్దాం. పొరుగువాని బావి ఎండబెట్టి పండించిన పంటలో అతని హక్కు కూడా కలిసి ఉందని మరువరాదు.