నిలిపితే పడుతుంది, కదిపితే నిలుస్తుంది

నిలిపితే పడుతుంది, కదిపితే నిలుస్తుంది. ఏమిటది?

వెనకటి రోజుల్లో ఈ పొడుపుకథ వేస్తే పిల్లలు ఠక్కున "బొంగరం" అనేవారు. కాస్త ఆలోచించేవాడెవడైనా వుంటే "సైకిలు" అనేవాడు. ఇవాళ మా వీధిలో వేసి చూడండి, మూడో జవాబు వస్తుంది. రెండు చక్రాల బోర్డు! స్కేట్‌బోర్డు అనగానే నాలుగు చక్రాల పలక అని మనకు తెలుసు. దానిమీద ఎక్కి ఊరికే నిలబడవచ్చు, కావలిస్తే కాఫీ తాగవచ్చు. ఇది అలా కాదు. దీని మీద ఎక్కి ఊరికే నిలబడడం ఎవరి తరమూ కాదు. సాగిపోతూ వుండాలి, లేదా దిగిపోవాలి.

చూడని వారి కోసం రెండు ముక్కలు చెబుతాను. రెండు చిన్న పలకలు, ఒక్కొక్కటీ ఒక పాదం పట్టేటంత. రెంటినీ కలుపుతూ మధ్యన ఒక కడ్డీ. అందులో స్ప్రింగు వుంది గనక ముందు పలకను ఇటూ, వెనక పలకను అటూ మెలిపెట్టవచ్చు. వదిలేస్తే మళ్ళీ సమంగా వచ్చేస్తాయి. పలకకొక చక్రం చొప్పున, ఒకదాని వెనక ఒకటి. అంతే సరంజామా.

పేర్లు మాత్రం చాలా వున్నాయి. క్యాస్టర్ బోర్డు అనేది జాతి పేరు. వేవ్ బోర్డనీ, రిప్‌స్టిక్ అనీ కంపెనీల పేర్లు. కొరియాలో ఎస్ బోర్డు అన్నారు. మా వీధి పిల్లలు పాము బోర్డు అంటారు. నడక చూస్తే ఆ పేరు అతికినట్టే వుంటుంది గాని, స్నేక్ బోర్డు అనేది వేరే వుంది. అది 1989లో దక్షిణాఫ్రికాలో పుట్టింది, దానికి నాలుగు చక్రాలు. తెలుగు ఎం.ఏ. చదివినవారు గదా, దీనికో మంచి తెలుగు పేరు పెట్టండని మా ఆవిడ అడిగింది. "ద్విచక్ర వక్రగామిని" అన్నాను. ఆ తర్వాత వారం రోజులపాటు మా ఇంట్లో కూరల సంచీ మొదలు నా కళ్ళజోడు దాకా ప్రతి వస్తువుకూ ఒక సమాసం తయారయింది. నేను మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

దీని పూర్వీకుల కథ సముద్రం ఒడ్డున మొదలవుతుంది. 1950 ప్రాంతాల్లో అమెరికాలోని కాలిఫోర్నియా కుర్రాళ్ళు కెరటాల మీద పలకలతో జారే ఆట ఆడుతూ, అలలు లేని రోజున ఏం చేయాలో తోచక, చెక్కపలక కింద చక్రాలు బిగించి వీధిలో జారడం మొదలుపెట్టారు. 1970 దశకం తొలినాళ్ళలో పాలీయురిథేన్ చక్రాలు వచ్చాక ఆ పలకకు రోడ్డు మీద పట్టు చిక్కింది. మన రెండు చక్రాల బోర్డు మాత్రం నిన్న మొన్నటిది. 2000 తర్వాతి దశాబ్దంలో కొరియాలోనూ అమెరికాలోనూ వ్యాపించి, అక్కణ్ణుంచి మన ఊళ్ళ ఆటవస్తువుల దుకాణాల దాకా వచ్చింది.

ఇందులో తమాషా ఏమిటంటే, కాలు నేలకు తాకించకుండానే ఇది ముందుకు పోతుంది. మోటారు లేదు, తొక్కుడు లేదు, వెనకనుంచి తోసేవాడూ లేడు. ఎలా పోతుంది? ఆఫీసు కుర్చీ కింది చక్రాలు మీరు చూసే వుంటారు. ఎటు నెడితే అటు తిరుగుతాయి. ఆ చక్రం తన కీలుకు సరిగ్గా కింద వుండదు, కొంచెం వెనక్కి వుంటుంది. అంచేత కీలు ఎటు పోతే చక్రం తోకలాగా దాని వెనకాలే పోతుంది. క్యాస్టర్ అంటే అదే. కుర్చీలో ఆ కీలు నిట్టనిలువుగా వుంటుంది. బోర్డులో దాన్ని ఏటవాలుగా బిగించారు. కిటుకంతా అక్కడే వుంది. పలక ఎటు ఒరిగితే చక్రం అటు దారి తీస్తుంది. వెనక పాదం వేళ్ళ వైపు నొక్కితే అటు, మడమ వైపు నొక్కితే ఇటు. చక్రానికి దొర్లడం వచ్చు గాని పక్కకు జారడం రాదు గదా. ఓరగా తిరిగి వున్న చక్రాన్ని పక్కకు తోస్తే, జారలేక ముందుకు దొర్లుతుంది. అటొకసారి, ఇటొకసారి, అలా తోస్తూ పోవడమే. నీళ్ళలో చేప తోక ఆడించేదీ ఈ కోవలోకే వస్తుంది.

చేప దాకా ఎందుకు? ఉయ్యాల వున్నది. బల్ల మీద నిలబడి ఊగే ఆడపిల్లను ఎవరూ తొయ్యనక్కరలేదు. మోకాళ్ళు వంచుతూ, లేస్తూ తానే కొమ్మ దాకా పోతుంది. అదునెరిగి ఒళ్ళు కదపడమే ఆవిడ ఇంజను. ఈ పోలిక నాది కాదు, మా అమ్మది. అది ఎలా వచ్చిందో చెబుతాను.

మా అన్నయ్యగారి కుటుంబం మేమున్న మేడలోనే కింది అంతస్తులో వుంటుంది. వాళ్ళ అబ్బాయికి పదిహేనేళ్ళు. పుట్టినరోజుకు ఈ బోర్డు కొనిపెట్టారు. వాడు రెండు సాయంత్రాలు దానితో కుస్తీ పట్టి, నాలుగుసార్లు కూలబడి, స్నేహితులు నవ్వారని మంచం కిందికి తోసేశాడు. నెల తిరిగేసరికి వాడి చెల్లెలు, పన్నెండేళ్ళది, దాన్ని బయటికి లాగింది.

"మగపిల్లాడికి కొన్న వస్తువు. వాడే మానుకున్నాడు. నీకెందుకే నేల విడిచిన సాము? మూతి పళ్ళు రాలితే రేపు నిన్నెవరు చూస్తారు?" అన్నది మా వదిన.

వదిన మాటలో తల్లి భయం వున్నది. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారెయ్యను. కాని ఆ "ఎవరు చూస్తారు" అనే ముక్క దగ్గర నాకు గుచ్చుకున్నది. కొడుకు పడితే మోచెయ్యి చూసి అయ్యో అన్నాం. కూతురు ఇంకా పడకుండానే పెళ్ళిచూపుల దాకా పోయాం!

అప్పుడు మా అమ్మ, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నది, తల ఎత్తకుండానే అన్నది: "అట్లతద్దికి నేను నిలబడి ఊగితే చింతకొమ్మలు నెత్తికి తగిలేవి. ఎవరూ మా పళ్ళు లెక్కపెట్టలేదు." ఒక్క క్షణం ఆగి, "ఆ ఒక్కరోజే లే. మర్నాటి నుంచి అరుగు దిగనిచ్చేవారు కాదు," అన్నది.

ఆ మాట తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. పిల్ల బోర్డు చంకన పెట్టుకుని సెల్లారుకు దిగింది. వెనకాల నన్ను పంపారు, కాపలాకు.

కాగితం మీద రాసిన పద్ధతి చాలా సులువుగా వుంటుంది. ముందు కాలు ముందు పలక మీద, చక్రానికి సూటిగా పెట్టాలి. వెనక కాలితో నేలను ఒక్క తోపు తోసి, బోర్డు సాగుతుండగా ఆ కాలు వెనక పలక మీదికి తెచ్చి, వెంటనే ఆడించడం మొదలుపెట్టాలి. నేను పెట్టె మీది సూచనలు బిగ్గరగా చదువుతున్నాను. "వెనక మడమ కిందికి, వేళ్ళు పైకి" అనే వాక్యం నా నోట్లో పూర్తయ్యే లోపల పిల్ల నేల మీద వున్నది. "బాబాయ్, నువ్వు చదవకు. చెయ్యి పట్టుకో చాలు," అన్నది. ఇరవయ్యేళ్ళుగా మాటలతో పాఠం చెప్పి బతుకుతున్నవాణ్ణి. మాట కన్నా మడమ ముందు పోయే విద్య ఒకటి వుందని ఒప్పుకోక తప్పింది కాదు.

మొదటిరోజు గోడ పట్టుకుని అటూ ఇటూ. రెండో రోజు నా చెయ్యి. అప్పుడు గమనించాను, అన్నగారు ఎందుకు ఓడిపోయాడో. పడతానేమోనని వాడు నెమ్మదిగా బయల్దేరేవాడు. ఈ బోర్డుకు నెమ్మదే శత్రువు. సైకిలు కూడా అంతే గదా, నత్తనడకన తొక్కితే హాండిలు చిందులు తొక్కుతుంది. చురుగ్గా నడిచే మనిషి వేగమైనా వస్తేనే ఒరిగిన ఒంటిని సర్దుకోవడానికి చక్రాలకు వీలు చిక్కుతుంది. భయపడేవాడు నెమ్మదిగా పోతాడు, నెమ్మదిగా పోయేవాడు పడతాడు, పడ్డవాడు మరింత భయపడతాడు. ఈ గానుగలోంచి బయటపడడానికి పక్కన ఒక చెయ్యి వుంటే చాలు. ఆ చెయ్యి లాగకూడదు, మొయ్యకూడదు, వూరికే వుండాలి.

నాలుగో రోజు ఎప్పుడో ఆ చెయ్యి నాకు తెలియకుండానే ఖాళీ అయింది. పిల్ల పది స్తంభాలు దాటిపోయి, ఆగడం తెలియక దూకేసింది. నిజానికి ఆగడమంటే దిగడమే, దీనికి బ్రేకు లేదు. "ఎలా వచ్చిందే?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "కాళ్ళ కేసి చూడకూడదు. పోవలసిన చోటికేసి చూడాలి. మిగతాది తెలీదు," అన్నది. ఇంత వ్యాకరణం చాలునేమో.

పడడం గురించి కూడా ఒక మాట. పడ్డవాళ్ళు చెడ్డవాళ్ళు కారన్నది నిజమే గాని, విరిగిన మణికట్టు ఆ సామెత వినదు. మనిషి పడేటప్పుడు అరచేతులు ముందుకు చాపుతాడు, అది పుట్టుకతో వచ్చిన గుణం. అందుకే ఈ బోర్డుల మీద పడిన పిల్లల్లో మణికట్టు, ముంజేయి ఎముకలు విరగడమే ఎక్కువగా చూస్తామని వైద్యులు రాస్తారు. హెల్మెట్టు, మణికట్టుకు కట్టు, మోకాళ్ళకూ మోచేతులకూ తొడుగులు ముందు కొని, ఆ తర్వాత బోర్డు కొనాలి. మన ఇళ్ళల్లో ఈ వరస తిరగబడుతుంది, బోర్డుకు డబ్బు అయిపోయింది గనక తొడుగులు వచ్చే నెల అంటాం. చెప్పులతో ఎక్కనివ్వకండి, బూట్లు వుండాలి. చక్రం మూడంగుళాలకు మించదు, శనగగింజంత గులకరాయి చాలు దాన్ని కట్టెయ్యడానికి. మనిషి మాత్రం ఆగడు, ముందుకు పోతాడు! అంచేత ముందు చీపురు, తర్వాత బోర్డు. తడినేల, ఇసుక పనికిరావు. సెల్లారులోకి కార్లు దిగే వాలు దగ్గరికి అసలు పోనివ్వకూడదు. ఎనిమిదేళ్ళు నిండని పిల్లలకు వద్దని తయారుచేసేవారే చెబుతారు.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకుని పిల్లను ఎక్కడికి పంపాలి? అసలు చిక్కు ఇక్కడ వున్నది. రోడ్డు మీద వాహనాలు. కాలిబాట వుంటే దాని మీద ఇడ్లీబండి, లేకపోతే గొయ్యి. బడి ఆటస్థలం మట్టినేల, చక్రం దిగబడుతుంది. నున్నటి నేల మిగిలింది కార్లకే.

హైదరాబాదు ఇందిరా పార్కులో స్కేటింగు రింకు వున్నది. అదే నగరానికి చెందిన అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కళాత్మక రోలర్ స్కేటింగులో రెండు కాంస్య పతకాలు తెచ్చాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగు చక్రాల స్కేట్‌బోర్డును మొట్టమొదటిసారి చేర్చినప్పుడు, ఆడవాళ్ళ వీధి పోటీలో బంగారం గెలిచిన జపాను పిల్ల మోమిజీ నిషియాకు పదమూడేళ్ళు. వెండి తెచ్చుకున్న బ్రెజిల్ పిల్ల రైసా లేఆల్‌కూ పదమూడేళ్ళే. మా పిల్ల పతకం తేవాలని నేను కోరడం లేదు సుమండీ. ఆ పిల్లలకు ఎవరో, ఎప్పుడో, పడడానికి కాస్త చోటిచ్చి వుంటారు గదా అంటున్నాను.

మా సెల్లారులో ఆరోరోజున ఒక అట్ట వేలాడింది: "ఇక్కడ ఆటలు నిషేధం." కార్లకు గీతలు పడతాయని ఫిర్యాదట. ఆదివారం సంఘం సమావేశం పెట్టారు. నేను వెళ్ళాను. చప్పుడు, గీతలు, బాధ్యత ఇత్యాదులు మాట్లాడుకున్నాక రెండో అంతస్తు పెద్దమనిషి, ఉద్యోగ విరమణ చేసినవారు, "పిల్ల పడి తల పగిలితే ఎవరు జవాబుదారీ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా వదిన లేచి నిలబడింది. నేను ఆశ్చర్యపోయాను. "నేనండీ. హెల్మెట్టు లేకుండా దిగితే బోర్డు నేనే తెచ్చి మీకు అప్పగిస్తాను," అన్నది.

వాదన చాలాసేపు సాగింది. చివరికి తూర్పు వైపు నాలుగు కార్లు సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా బయట పెట్టడానికి ఒప్పుదల అయింది. అందులో ఒకటి ఆ పెద్దమనిషిదే. పావు తక్కువ ఐదుకల్లా దిగివచ్చి కారు తీస్తారు, ఇంకా ఎవరినీ పలకరించరు. అట్టను మాత్రం ఎవరూ తియ్యలేదు. "నిషేధం" కింద "5 - 6 తప్ప" అని సుద్దముక్కతో రాసి వున్నది. ఆ దస్తూరీ ఎవరిదో నాకు తెలుసు.

ఇప్పుడు ఆ గంటలో ఐదుగురు పిల్లలు దిగుతున్నారు, బోర్డులు మాత్రం రెండే. మా అమ్మకు లిఫ్టు పక్కన కుర్చీ వేశారు. మొన్న సాయంత్రం వాళ్ళ అన్నగారు కూడా వచ్చి, ఎవరూ చూడకుండా ఒక స్తంభం పక్కన హెల్మెట్టు పెట్టుకుంటున్నాడు. పిల్ల చూసి, ఏమీ అనకుండా పోయి, వాడి పక్కన చెయ్యి చాపి నిలబడింది.