రైతునకు ఇన్ని పాస్‌వర్డులేల?

మన తాతల కాలమున రైతు ఇంట తాళపుచెవులు రెండో మూడో యుండెడివి. వాకిలిది ఒకటి, భోషాణముది ఒకటి, గాదెగదిది ఒకటి. అవి ఇల్లాలి కొంగున ముడివడి యుండెడివి. వాటిని అడుగుటకు అయినవారు సైతము జంకెడివారు. నేడు రైతునకు కంటికి కనబడని తాళపుచెవులు పది పండ్రెండు ఏర్పడినవి. అవి ఎవరి కొంగున నున్నవో ఆ రైతునకే తెలియదు. ఈ విషయమై మన సంఘ సభ్యులతో నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

మొదట లెక్క చూతము. ఏటీఎం కార్డునకు నాలుగంకెల పిన్ను. ఫోనుద్వారా డబ్బు పంపుటకు నాలుగో ఆరో అంకెల యూపీఐ పిన్ను. ఫోను తెరచుటకు ఒక గీత. ఆ ఫోనులోని గూగులు ఖాతాకు ఒక పాస్‌వర్డు. భూమి కాగితముల కొరకు 2020 అక్టోబరు 29న ధరణి వచ్చినది. దాని స్థానమున 2025 ఏప్రిలు 14న భూభారతి వచ్చినది. ఏటికి 6,000 రూపాయలు మూడు వాయిదాలుగా నిచ్చు పీఎం కిసాన్ 2019లో ఆరంభమైనది. దానికి ఈ-కేవైసీ కావలెను. 2025లో భారత పత్తి సంస్థవారు పత్తి అమ్మదలచిన రైతులకు కపాస్ కిసాన్ అను యాప్ పెట్టిరి. పిల్లల స్కాలర్‌షిప్పులకు మరియొక ద్వారము. ప్రతి ద్వారమువద్దను ఒక రహస్యపు మాటయో, నిమిషములలో చెల్లకుండ పోవు ఓటీపీయో చెప్పవలెను. అడవి అంచు గూడెములలో సిగ్నలు వెదకికొనుచు మిట్ట యెక్కులోపల ఆ ఓటీపీకి కాలము తీరిపోవును.

ఇన్నింటిని జ్ఞాపకముంచుకొనలేక రైతు మూడు త్రోవలు తొక్కుచున్నాడు. కొందరు అన్నింటికిని ఒకే అంకె పెట్టుదురు. అది పుట్టిన సంవత్సరమో, ఫోను సంఖ్యలో కడపటి నాలుగంకెలో అయియుండును. కొందరు పాసుబుక్కు అట్టమీదనే పిన్ను వ్రాసికొందురు. అధికసంఖ్యాకులు మాత్రము ఫోను తీసి నెట్ సెంటరు పిల్లవానికో, పొరుగింటి చదువుకొన్నవానికో ఇచ్చి, "నాయనా, నీవే చూడు" అందురు. ఈ మూడవ త్రోవయే మిక్కిలి ప్రమాదకరమని నా అభిప్రాయము.

నా సొంత సంగతి చెప్పెదను. ఒక దరఖాస్తులో నా అల్లుని ఫోను సంఖ్య వ్రాయించియుంటిని. పత్తి ఏరు దినములలో ఆ పనిమీద సెంటరునకు పోగా, ఓటీపీ హైదరాబాదునకు పోయినది. అల్లుడు డ్యూటీలో నుండి ఫోను ఎత్తలేదు. అట్లు మూడు మారులు తిరిగితిని. చేనిలో కూలీలు నాకొరకు కాచుకొని యుండిరి. చివరకు సెంటరతడు, "పెద్దయ్యా, నా సంఖ్యయే వేసెదను, నీకీ తిరుగుడు తప్పును" అనెను. నేను సరే యంటిని. అతడు మంచివాడు, నాకు నష్టమేమియు చేయలేదు. కాని ఆరు నెలలకు అంగడి మూసి ఎటో వెడలిపోయెను. నా రాబడి వార్తలు నాకు తెలియని చోట మ్రోగుచుండెను. సంఖ్యను మార్పించుకొనుటకు నాకు ఒక పంటకాలము పట్టినది. అతడు చెడ్డవాడైనచో నా గతి యేమి?

ఆలోచింపగా ఇది క్రొత్త వ్యాధి కాదనిపించినది. పూర్వము అక్షరము రాని రైతు షావుకారునకు ఖాళీ కాగితముపై వ్రేలిముద్ర వేసి యిచ్చెడివాడు. దానిపై తరువాత ఎంత వ్రాసికొనినను అడుగువాడు లేడు. అట్టి అప్పుల కోరలనుండి రైతును తప్పించు తలంపుతోనే 1904లో సహకార పరపతి సంఘముల చట్టము చేయబడినది. ఒరులకు చెప్పిన పాస్‌వర్డు కూడ వ్రేలిముద్ర వేసిన ఖాళీ కాగితమే. లంకాసాగరు తూము తాళమును ఒక్క రైతు ఇంట దాచుటకు ఆయకట్టుదారులు సమ్మతింతురా? మరి మన బ్యాంకు తాళమును పరుల ఇంట ఏల దాచుచున్నాము?

"ఇది రైతు అజ్ఞానము, నేర్చుకొనవలెను" అని పట్టణవాసులు కొందరు అందురు. నేర్చుకొనవలసినది నిజమే. కాని తప్పంతయు రైతుది కాదు. అమెరికాలోని ఎంఐటీ విద్యాలయమున 1960ల మొదట అనేకులు పంచుకొను కంప్యూటరునకు పాస్‌వర్డు పద్ధతిని తెచ్చిన కోర్బాటో అను శాస్త్రజ్ఞుడే, ఈ పద్ధతి పీడగా పరిణమించినదని 2014లో ఒప్పుకొనెను. ఆ దేశపు ప్రమాణముల సంస్థలో 2003లో పాస్‌వర్డుల నియమములు వ్రాసిన బిల్ బర్ అను నతడు, పెద్దక్షరము, అంకె, గుర్తు కలుపుమనియు, తరచు మార్చుమనియు తానిచ్చిన సలహాకు 2017లో విచారము వెలిబుచ్చెను. ఊరక మార్పించుట తగదనియు, పొడవైన మాటలే మేలనియు ఆ సంస్థయే అదే యేట నియమములు సవరించెను. అయినను తెలుగు మాత్రమే వచ్చిన రైతును ఇంగ్లీషు పెద్దక్షరము వేయుమని, అంకె వేయుమని, గుర్తు వేయుమని నేటికిని యాప్‌లు నిర్బంధించుచునే యున్నవి.

కావున మొదట ప్రభుత్వ శాఖలకు, బ్యాంకులకు మన విన్నపము. ప్రతి పథకమునకు ఒక క్రొత్త తాళము తగిలింపక ఒకే తాళముతో పని జరుగు ఏర్పాటు చేయవలెను. అడుగు ప్రశ్న తెలుగులో నుండవలెను. సిగ్నలు లేని గ్రామములకు ఓటీపీ గడువు పెంచవలెను. ఫోను లేని వృద్ధుడు స్వయముగ వచ్చి నిలిచిన, అతని పని జరిగి తీరవలెను.

రెండవది మన సంఘము చేయదగినది. నెలకు ఒక దినము సంఘ కార్యాలయమున తెలిసినవారొకరు కూర్చుండి సభ్యులకు చూపవలెను. చూపుటయే గాని చేసిపెట్టుట కాదు; అంకె నొక్కునది సభ్యుని వ్రేలే కావలెను. సంఘ ఉద్యోగి ఎవడును సభ్యుని పిన్ను గాని ఓటీపీ గాని అడుగరాదని రాబోవు మహాజనసభలో తీర్మానింపవలెను.

మూడవది మనము చేయదగినది. డబ్బు తీయు పిన్నులు రెండు మూడింటిని మాత్రము మనసున నుంచుకొనవలెను. అవి ఒకదానివలె ఒకటి యుండరాదు. తక్కిన పాస్‌వర్డులను ఒక పుస్తకమున వ్రాసి ఇంటి పెట్టెలో దాచుట తప్పు కాదు. దూరదేశపు దొంగ మీ పెట్టె తెరువలేడు. పాస్‌వర్డు పెట్టునపుడు మీ చేని పేరు, ఎద్దు పేరు, బావి పేరు వరుసగ కూర్చిన చాలును. మీకు మరపు రాదు, పరునకు తట్టదు. దరఖాస్తులలో మీ సొంత ఫోను సంఖ్యయే వ్రాయింపుడు. దానిని రీఛార్జి లేక చిరకాలము విడువకుడు, విడిచిన సంఖ్య మరియొకరికి పోవును. ముఖ్యముగా ఒక మాట: మనకు డబ్బు వచ్చుటకు పిన్ను అక్కరలేదు. పిన్ను నొక్కుమన్నారన్న డబ్బు మన ఖాతానుండి పోవుచున్నదని యర్థము.

ఇంత జాగ్రత్త యేల యందురా? రిజర్వు బ్యాంకు 2017లో చేసిన ఉత్తర్వు ప్రకారము, ఖాతాదారుడు తన రహస్యమును ఒరులకు చెప్పుటవలన పోయిన సొమ్ము, బ్యాంకునకు తెలుపువరకు అతని నష్టమే; తెలిపిన పిదప పోయినది బ్యాంకుది. ఇట్టి మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసి, బ్యాంకునకును తెలుపవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము చేతులు మారిపోవును.

ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. ఆ దొంగ చేతికి తాళమిచ్చునది మనమే కాకుండవలెను. ఈ మాసమున సంఘమునకు వచ్చు ప్రతి సభ్యుడును తన ఖాతాలయందు, దరఖాస్తులయందు ఎవరి ఫోను సంఖ్య యున్నదో ఒక్కమారు అడిగి తెలిసికొనవలెనని నా ప్రార్థన.

ఇట్లు,
ఒక సభ్యుడు, పెనుబల్లి