చుక్కలన్నీ ఒకటి కావు

సంపాదకులకు,

వేసవి కంటి దురదల మీద మీరు వేసిన వ్యాసం బాగుంది గానీ, ఏ అలర్జీ చుక్కలైనా ఒకటేనన్న ధోరణి నాకు మింగుడుపడలేదు. ఓలోపటడిన్, కీటోటిఫెన్ లాంటివి హిస్టమిన్‌ను అడ్డుకుని నిమిషాల్లోనే దురద తగ్గిస్తాయి. కానీ మందుల షాపులో చీటీ లేకుండా స్టెరాయిడ్ చుక్కలు కూడా చేతిలో పెడతారు. ఎరుపు ఇట్టే విరుగుతుంది కనుక జనం మళ్లీ అవే అడుగుతారు! నెలల తరబడి వాడితే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు, శుక్లాలు వచ్చే ముప్పుంది. ఏటా ఎండాకాలం కళ్లు నలుపుకునే పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఇది తెలుసుకోవాలి. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు.

కాంటాక్ట్ లెన్సుల ఊసే లేదెందుకో. వాటిని తీసి చుక్కలు వేసుకుని, కనీసం 10 నిమిషాలు ఆగాకే మళ్లీ పెట్టుకోవాలి. నొప్పి, మసక ఉంటే మాత్రం ఏ చుక్కలూ వద్దు, నేరుగా కంటి డాక్టరు దగ్గరికే.

— ఒక పాఠకురాలు, గుంటూరు