పిల్లల ఫిట్స్‌కు కర్మ పేరు పెట్టొద్దు



పుట్టంగనే ఏడ్వని బిడ్డకు మెదడుకు ఆక్సిజన్ అందక సెరిబ్రల్ పాల్సీ, ఫిట్స్ రావచ్చు. మన వాడల్లో దీన్ని గాలి సోకిందంటరు, పూర్వజన్మ పాపమంటరు. మనల్ని ఊరవతలికి నెట్టింది కూడా ఈ కర్మ మాటే. దాన్ని బిడ్డ మీదికి రానియ్యొద్దు.

బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. ఆ చెరుకు మీద బతికిన కూలితల్లి బిడ్డనెత్తుకొని నిలోఫర్‌కో నిమ్స్‌కో పోవాలంటే సుమారు 200 కిలోమీటర్లు. 2023 డిసెంబర్ నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ. మరి పోయిన కూలి ఎవరిస్తరు?

ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలైంది, మంచిదే. ఈ బిడ్డలకు ఒక్కనాటి ఆపరేషన్‌తో తీరదు. వారం వారం ఫిజియోథెరపీ, మాటలు నేర్పే థెరపీ కావాలె. మాత్ర ఒక్కపూట తప్పినా ఫిట్స్ తిరగబెట్టొచ్చు.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఉన్నది. నిజామాబాద్‌కు 2013లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. అందుకే నేను అడిగేది ఇంతే: నిజామాబాద్‌లో ప్రతి వారం పిల్లల న్యూరాలజీ ఓపీ, బోధన్‌లో థెరపీ, ఊరి దగ్గరి పీహెచ్‌సీలో ఫిట్స్ మాత్రలు. ఏ ఒక్క వారమూ తప్పొద్దు.

సోమవారం ప్రజావాణిలో దరఖాస్తు పెట్టుర్రి. రసీదు తీసుకోకుండ కదలకుర్రి.

జై భీమ్.