ఐరోపా రాకెట్‌కు నగరాల ఊతం

ఐరోపా కొత్త రాకెట్ ఏరియన్-6 తొలిసారిగా 2024 జులై 9న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాకు చెందిన కౌరూ నుంచి నింగికెగసింది. అంతకు ఏడాది ముందే ఏరియన్-5 చివరి ప్రయోగం ముగియడంతో, గెలీలియో దిక్సూచి వ్యవస్థకు చెందిన ఉపగ్రహాలను సైతం ఐరోపా అమెరికా ప్రైవేటు రాకెట్‌కు అప్పగించవలసి వచ్చింది. సొంత రాకెట్ లేకపోతే ఎంతటి కూటమి అయినా పరాధీనం కాక తప్పదని ఆ అనుభవం చాటింది.

ఏరియన్-6 రూపకల్పనలో 13 దేశాలు పాలుపంచుకున్నాయి. ప్రధాన దశ పారిస్ సమీపంలోని లే మురోలోను, పైదశ జర్మనీలోని బ్రెమెన్‌లోను సిద్ధమవుతాయి. ఇంధన ట్యాంకుల నిర్మాణంలో ఆగ్స్‌బర్గ్‌కు, ఇంజిన్ల తయారీలో వెర్నాన్‌కు, బూస్టర్లలో ఇటలీ పట్టణం కొలెఫెర్రోకు ముఖ్యపాత్ర ఉంది. తెరచాపలు అమర్చిన కానోపే నౌక ఈ రాకెట్ ప్రధాన భాగాలను అట్లాంటిక్ దాటించి కౌరూకు చేరుస్తుంది.

ఈ వికేంద్రీకరణకు మూలం ఐరోపా అంతరిక్ష సంస్థ అనుసరించే నియమం. ఏ దేశం ఎంత నిధులిస్తే, దాదాపు అంత విలువైన పని ఆ దేశ పరిశ్రమలకు దక్కాలి. దీనివల్ల సభ్యదేశాల మద్దతు స్థిరపడింది. అదే సమయంలో వ్యయమూ పెరిగింది. పునర్వినియోగ రాకెట్ల పోటీ నడుమ, 2023 నవంబర్‌లో సెవిల్‌లో సమావేశమైన సభ్యదేశాలు ఏరియన్-6కు ఏటా గరిష్ఠంగా 34 కోట్ల యూరోల సాయానికి అంగీకరించాయి. ప్రతిగా ఖర్చును 11 శాతం తగ్గిస్తామని పరిశ్రమ హామీ ఇచ్చింది. ఆ కోత భారం చివరకు ఏ పట్టణంలోని కార్మికులపై పడుతుందన్నదే అసలు ప్రశ్న.

ఇటువంటి ప్రశ్నలపై నగరపాలకులు, పారిశ్రామికవేత్తలు కలిసి మాట్లాడుకునేందుకు 1998లోనే ఏరియన్ నగరాల సమాఖ్య ఏర్పడింది. అధ్యక్ష బాధ్యతను సభ్య నగరాలు వంతులవారీగా చేపడతాయి. విద్యార్థులకు, సాంకేతిక శిక్షణ పొందుతున్న యువతకు అంతరిక్ష రంగాన్ని పరిచయం చేయడం దాని ప్రధాన కార్యక్రమాలలో ఒకటి. నిధులను, కాంట్రాక్టులను నిర్ణయించే అధికారం మాత్రం ప్రభుత్వాల చేతిలోనే ఉంది. సమాఖ్యకున్న పరిమితి అదే.

స్థానికుల అసంతృప్తిని విస్మరిస్తే ఏం జరుగుతుందో 2017లో కౌరూ నిరూపించింది. అత్యాధునిక ప్రయోగ కేంద్రం పక్కనే నిరుద్యోగం, ఆసుపత్రుల కొరత, అభద్రత పీడిస్తున్నాయంటూ గయానా ప్రజలు ఆందోళనకు దిగారు. రహదారుల దిగ్బంధంతో మార్చిలో జరగవలసిన ఏరియన్-5 ప్రయోగం నిలిచిపోయింది. ఏప్రిల్‌లో ఫ్రాన్స్ ప్రభుత్వంతో ఒప్పందం కుదిరాకే, మే 4న ఆ రాకెట్ బయలుదేరింది. సాంకేతిక లోపం ఏదీ లేకున్నా, ప్రజల సమ్మతి కొరవడితే కౌంట్‌డౌన్ ఆగిపోతుందని తేలింది.

భారత్‌కు కౌరూ కొత్త కాదు. 1981లో యాపిల్, 2022లో జీశాట్-24 ఉపగ్రహాలు అక్కడి నుంచే కక్ష్యకు చేరాయి. ఇస్రో రాకెట్ల విడిభాగాలు హైదరాబాద్, బెంగళూరు వంటి నగరాల పరిశ్రమల నుంచి శ్రీహరికోటకు చేరుతున్నాయి. తమిళనాడులోని కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. ప్రైవేటు భాగస్వామ్యం విస్తరిస్తున్న ఈ దశలో, ప్రయోగ కేంద్రం చుట్టూ ఉన్న ఊళ్ల ఉపాధిని, విద్యను, వైద్యాన్ని మొదటినుంచే ప్రణాళికలో చేర్చడం వివేకవంతమైన మార్గం.