గోడమీద వ్రాయవలసిన లెక్క

మేము శిక్షణ కళాశాలలో చదువు ముగించి ఈ వృత్తిలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో మా తరగతి పిల్లలు కొందఱు నవ్వునప్పుడు నోటికి చేయి అడ్డము పెట్టుకొనుచుండిరి. మొదట అది వినయమని తలంచితిమి. కొన్ని దినములకు గాని అది సిగ్గని మాకు తెలియలేదు. వారి పండ్లమీద పసుపు, గోధుమవన్నెల చారలు కలవు. ఆ పిల్లలు చేసిన తప్పేమియు లేదు. తాము పుట్టిన యూరి నీరు త్రాగిరి, అంతియే.

ఆ నీరు చూచుటకు తేటగా నుండును. వాసన లేదు, రుచికి లోపము లేదు. అందలి ఫ్లోరైడును కన్నుగాని నాలుకగాని కనిపెట్టజాలవు. మన నేల యడుగున నున్న గ్రానైటు శిలలనుండి అది నీటిలో కరగి వచ్చుచున్నది. త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రామును మించకుండుట మంచిదనియు, వేఱు నీరు దొరకనిచో 1.5 మిల్లీగ్రాముల వఱకు ఓర్చుకొనవచ్చుననియు మన దేశపు ప్రమాణము చెప్పుచున్నది. కొంచెము మించిన పండ్లు చెడును. మిక్కిలి హెచ్చయి యేండ్ల తరబడి త్రాగిన ఎముకలు వంగును, నడుము బిగిసిపోవును. కావున ఈ శత్రువును పట్టి యిచ్చునది కొలత యొక్కటే.

కొలిచినవారు లేకపోలేదు. మన దేశమున ఈ వ్యాధి 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తింపబడెను. నల్గొండ జిల్లాలో మఱ్ఱిగూడ ప్రాంతమున 1945లోనే దీని జాడ కనుగొనిరి. 1970 దశకమున నాగపురములోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు పటికయు, సున్నమును, బ్లీచింగు పొడియు కలిపి ఫ్లోరైడును తీసివేయు పద్ధతిని రూపొందించి, దానికి 'నల్గొండ పద్ధతి' యని పేరిడిరి. ఆ పేరు ఆఫ్రికా ఖండమున టాంజానియా, ఇథియోపియా దేశముల వఱకు పోయెను. కాని పేరిచ్చిన జిల్లాలో ఇంటింటికి శుద్ధమైన నదీజలమును చేర్చుటకు మిషన్ భగీరథ రావలసివచ్చెను. ఆ పథకమునకు 2015లో చౌటుప్పలున స్తంభము నెలకొల్పిరి, 2016లో ప్రారంభోత్సవము జరిగెను. 1945నకును 2016నకును నడుమ డెబ్బదియొక్క సంవత్సరములు! తాత, తండ్రి, మనుమడు ఒకే నీటిని త్రాగుటకు అంత కాలము చాలును. కనిపెట్టుట వేఱు, కాపాడుట వేఱు అని మన జిల్లా నేర్చుకొన్న పాఠమిదియే.

నేడు మన పరిసరములను కనిపెట్టుటకు సంస్థలు లేవా? కలవు. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టమును అనుసరించి రాష్ట్రములలో కాలుష్య నియంత్రణ మండలులు ఏర్పడెను. తెలంగాణ మండలి 2014లో వేఱుపడెను. నల్గొండలో దానికి ప్రాంతీయ కార్యాలయము కలదు. దాని యుద్యోగులు నదులనుండి, చెఱువులనుండి నీరు పట్టి, అందు కరగియున్న ప్రాణవాయువును, ఆమ్లతను, లవణములను కొలుతురు. భూగర్భజల శాఖవారు పరిశీలనా బావులలో నీటిమట్టమును చూచి వ్రాసికొందురు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రతి గ్రామమున మొక్కల నర్సరీ యుండవలెననియు, నాటిన నూఱు మొక్కలలో 85 బ్రదుకవలెననియు విధించెను. చట్టములు కొఱవడలేదు, లెక్కలును కొఱవడలేదు. ఆ లెక్క ఏ యూరివారి బ్రదుకునకు సంబంధించినదో ఆ యూరివారి కన్నులయెదుట లేకపోవుటయే కొఱత.

మూసీనది సంగతి చూడుడు. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు మురికిని తనలో కలుపుకొని, మన రైతుల పొలములను తడుపుచు వాడపల్లియొద్ద కృష్ణలో కలియుచున్నది. 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు ప్రకటించిన పట్టికలో ఈ నది మిక్కిలి చెడిన తరగతిలో చేరెను. అనగా కొలత జరిగినది, తీర్పు వ్రాయబడినది. కాని ఆ కాలువ నీటిలో మోకాళ్లవఱకు దిగి నాటు వేయు స్త్రీకి ఆ తీర్పును చదివి వినిపించినవారెవ్వరు? ఆమెకు తెలిసినది కాళ్ల దురద యొక్కటే.

పాలమూరువారికి పిల్లలమఱ్ఱి కంటె చక్కని దృష్టాంతము లేదు. అనేక శతాబ్దముల వయస్సుగల ఆ మహావృక్షమునకు చెదలు పట్టెను. 2017 చివర కొమ్మ విఱిగి, సందర్శకుల రాకను నిలిపివేసిరి. పిమ్మట అటవీశాఖవారు రోగికి సెలైను ఎక్కించునట్లు సీసాలు వ్రేలాడదీసి మందెక్కించిరి. వారి శ్రమ మెచ్చదగినది. అయినను కొమ్మ విఱుగకముందే చెదలను చూచియున్న ఎంత సులువుగా నుండెడిది!

కావున మా యభిప్రాయము ఇది. ప్రతి గ్రామపంచాయతీ గోడమీద, అందఱు చదువగల పెద్ద యక్షరములతో, నాలుగు పంక్తులు వ్రాయబడవలెను: ఊరి బోరునీటిలో ఫ్లోరైడు ఎంత, కొళాయి నీటిలో ఎంత, భూగర్భ నీటిమట్టము ఎన్ని మీటర్ల లోతున నున్నది, పరీక్ష జరిగిన తేదీ యేది. 2019లో ఆరంభమైన జలజీవన కార్యక్రమము ప్రతి గ్రామమున ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పవలెనని చెప్పుచున్నది. ఆ చేతులకే సున్నపు కుంచెను కూడ ఇయ్యవలెను.

పల్లెవారికి అంకెలు తెలియవని కొందఱందురు. కరెంటు బిల్లులోని యూనిట్లు, పత్తి క్వింటాలు ధర తెలిసినవారికి ఈ యంకె తెలియకపోవునా? జనులు భయపడుదురని మఱికొందఱందురు. భయపడనిండు. తెలిసి భయపడినవాడు బిందెను మార్చుకొనును, తెలియనివాడు ఎముకలను పోగొట్టుకొనును. 'కొళాయి నీరు వచ్చినది కదా, ఇంకేల పరీక్ష?' అనువారును కలరు. కొళాయి రాని దినమున చేయి మరల బోరుమీదికే పోవును. భూమిలోని ఫ్లోరైడు ఎక్కడికిని పోలేదు.

విద్యార్థులారా, మీ బాధ్యతయు ఇందు కలదు. ప్రయోగశాలలో మీరు నేర్చిన రసాయనశాస్త్రము పరీక్ష కాగితముతో ముగియరాదు. సెలవులకు పోయినప్పుడు మీ యూరి నీటిని ఎవరు పరీక్షించిరో, ఎప్పుడు పరీక్షించిరో పెద్దలను మర్యాదతో అడుగుడు. గోడ ఖాళీగా నున్నచో సర్పంచిగారి యనుమతితో మీరే వ్రాయుడు. ఆ లెక్క ఏటేట తప్పక నిలిచినచో, మీ తరువాత మా తరగతికి వచ్చు పిల్లలు నోటికి చేయి అడ్డము పెట్టుకొనక నవ్వుదురు. మాకు అంతకంటె గురుదక్షిణ అక్కఱలేదు.